గరాజు తలుపు దగ్గర ఆగిపోయిన దొప్ప

కనకదుర్గ మెడలో వేలాడే ప్లాస్టిక్ కార్డు మీద ఆమె ఫోటో, ఫోటో కింద పేరు, పేరు కింద "పేషెంట్ పార్ట్‌నర్" అన్న మాట ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు ఆ కార్డు ఇచ్చిన రోజు ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, పోపుల డబ్బా పక్కన పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి మూతి ముడిచింది.

"పార్ట్‌నర్నంట. దేంట్లో పార్ట్‌నరో ఎవరూ చెప్పరు" అంది కోడలితో.

షామ్‌బర్గ్‌లో గోల్ఫ్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న తెలుగువాళ్ళలో కనకదుర్గని ఎరగనివాళ్ళు తక్కువ. పుట్టింది తెనాలి పక్క పల్లెలో. చదివింది అయిదో తరగతి. ముందే ఈ దేశం వచ్చేసిన అన్నగారు పెట్టిన వీసా కాగితాలు పన్నెండేళ్ళు నాని నాని తెమిలేసరికి ఆమెకి నలభై దాటాయి. భర్త బ్రహ్మయ్యనీ, పద్నాలుగేళ్ళ కొడుకు రఘువీర్‌నీ వెంటపెట్టుకుని వచ్చి, వచ్చిన మూడోవారం ఇండియన్ స్టోరు వెనకాల వంటగదిలో చేరింది. పదిహేడేళ్ళు అక్కడే నిలబడింది. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి ఆ కౌంటరు మీదుగా బయటికి వెళ్ళేవి. ఎవరికి నెల తప్పింది, ఎవరి ఉద్యోగం ఊడింది, ఎవరి వీసా ఏ మెట్టు మీద కూర్చుంది అన్న కబుర్లు అదే కౌంటరు మీదుగా లోపలికి వచ్చేవి. రాకపోతే ఆమే గరిటె పట్టుకుని బయటికొచ్చి అడిగేది. అడిగించుకున్నవాళ్ళు మొదట విసుక్కునేవాళ్ళు, తరవాత చెప్పేవాళ్ళు, చెప్పి ఒక డబ్బా పచ్చడి ఎక్కువ కొనుక్కుని పోయేవాళ్ళు.

బ్రహ్మయ్య పోయి నాలుగేళ్ళయింది. రెండేళ్ళ కిందట శీతాకాలంలో, స్టోరులో పెసరట్టు తిరగేస్తూ ఉండగా ఆమె చేతిలో అట్లకాడ జారిపోయింది. ఎడమచెయ్యి, ఎడమకాలు మాట వినలేదు. ఆసుపత్రిలో నెల రోజులున్నాక చెయ్యి దారికొచ్చింది, మాట నిక్షేపంగా ఉంది, కాలు మటుకు రాలేదు. అడుగెత్తితే పాదం ముందుభాగం వేలాడిపోయి వేళ్ళు నేలకి రాసుకుంటాయి. అందుకని పిక్క వెనక నుంచి అరికాలి కిందిదాకా వచ్చే ప్లాస్టిక్ పట్టీ ఒకటి చేయించి ఇచ్చారు. దానికి ఇంగ్లీషులో మూడక్షరాల పేరేదో ఉంది, ఆసుపత్రివాళ్ళు వట్టి బ్రేస్ అంటారు. కనకదుర్గ చూడగానే "అరటి దొప్పలా ఉంది" అంది. ఆనాటి నుంచీ ఇంట్లో దాని పేరు దొప్ప.

దొప్పని బూటులో పెట్టి, కాలు అందులో దూర్చి, పట్టీ బిగిస్తే పాదం వేలాడదు. వాకర్ కూడా అక్కర్లేకుండా నడిచేది. ఆసుపత్రి పొడుగు వరండాలో నడుముకి బెల్టు, మడమలకి అడుగులు లెక్కపెట్టే చిన్న డబ్బాలు కట్టి ఆరు నిమిషాలు నడిపిస్తే, వాళ్ళు పెట్టిన గీత దాటి ఇంకో పది గజాలు పోయి వెనక్కి చూసేది, ఇంతేనా అన్నట్టు.

చిక్కంతా ఇంట్లో.

కోడలు దేదీప్య బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. మంచిదే, కానీ అన్నిటికీ ఒక రూలు రాసిపెట్టే మనిషి. అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే వంటింటి గడపలో నిలబడి చెప్పింది.

"అత్తయ్యా, వంట మీ ఇష్టం. నేనేం అడ్డుపడను. కానీ ఒక్కసారి పడ్డారని తెలిసిందా, స్టవ్ నాబ్స్ అయిదూ పీకి నా బ్యాగ్‌లో వేసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతా. మేం ఇంట్లో లేనప్పుడు మీరు మంట దగ్గర పడితే ఎవరు చూస్తారు?"

"పడితేగా" అంది కనకదుర్గ.

ఆమెకి మిగిలింది ఆ స్టవ్వొక్కటే. స్టోరు పోయింది, మొగుడు పోయాడు, కారు తాళం కొడుకు తీసుకున్నాడు. మనవరాలు సాన్వి బడి నుంచి వచ్చేసరికి ఏదో ఒకటి వేడిగా చేసి పెట్టడం, పక్కింట్లో ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు పంపడం, ఆ వంకతో వాళ్ళింటి సంగతులు తెలుసుకోవడం, అదీ ఆమె బతుకు. నాబులు పోతే ఇక కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఎదురింటి చెత్తడబ్బా చూడటమే.

మరి పడకుండా ఉందా అంటే, మూడుసార్లు పడింది.

ఎందుకంటే దొప్ప గరాజు తలుపు దాటి లోపలికి రాదు. అది ఉండేది బూటులో. బూట్లు ఉండేది గరాజు తలుపు పక్కన చెక్క అరలో. బూట్లేసుకుని ఇంట్లో తిరగడమన్న మాట ఆ ఇంట్లో ఎవరి ఊహలోనూ లేదు, ఇక వంటింట్లోకా. స్టవ్వు పక్క అలమరలోనే దేవుళ్ళున్నారు, వాళ్ళ పక్కన బ్రహ్మయ్య ఫోటో ఉంది. బూటు లేకుండా ఉత్త దొప్ప కట్టుకుని చూసింది ఒకరోజు. నున్నటి ప్లాస్టిక్కు, నున్నటి చెక్క నేల, సబ్బు మీద కాలేసినట్టు జారింది. అందుకని ఇంట్లో ఉన్నంతసేపూ వట్టి కాళ్ళతో, గోడలు, కుర్చీలు పట్టుకుని తిరిగేది. మొదటిసారి సాంబారు గిన్నె దించుతూ పడింది, రెండోసారి దేవుడి దగ్గర దీపం కొండెక్కిందేమో చూడబోయి, మూడోసారి హాల్లో. మోచేతికి పసుపు రాసి, తలుపు కొట్టుకుందని చెప్పింది. దేదీప్య ఆ తలుపుని రెండుసార్లు తెరిచి మూసి చూసింది.

ఆసుపత్రిలో ఆమెని నడిపించే ఉమ అనే ఫిజియోథెరపిస్టు ప్రతి గురువారం ఫోన్ చేసేది. ఉమది కరీంనగర్. ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయినా మాట మారలేదు.

"ఆంటీ, బ్రేస్ రోజుకెన్ని గంటలు పెట్టుకుంటున్రు?"

"పొద్దున లేచిన కాణ్ణుంచీ పడుకునేదాకా."

"ఫోర్టీన్ అవర్స్ రాస్కోవన్నా?"

"రాసుకో తల్లీ."

డాక్టరు తాలూకు మనిషి అడిగితే లేదని చెప్పడం ఆమెకి చేతకాదు. మందులు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నాం, ఉప్పు తగ్గించారా అంటే తగ్గించాం. అది అబద్ధమని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. పెద్దమనిషి అడిగినప్పుడు చిన్నబుచ్చకుండా పంపడం మర్యాద, అంతే. మిరపకాయ బజ్జీలు వేయిస్తూనే నూనె మానేశానని చెప్పగలదు.

అలాంటి మనిషిని పిలిచి పార్ట్‌నర్ అన్నారు. స్ట్రోక్ వచ్చినవాళ్ళు ఎలా నడుస్తారో, ఇంట్లో ఎలా తిరుగుతారో పరిశోధన చేస్తున్నామని, రోగుల మీద కాదు, రోగులతో కలిసి చేస్తున్నామని డాక్టర్ కాలిన్స్ అనే పొడుగాటి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. నెలకో సోమవారం మీటింగు. కనకదుర్గ ఆశగానే వెళ్ళింది. మొదటి మీటింగులో కరపత్రం మీద బొమ్మ నీలంగా ఉండాలా ఆకుపచ్చగా ఉండాలా అని గంటసేపు అడిగారు. రెండోదాంట్లో "ప్రయాణం" అనాలా "బాట" అనాలా అని. ఒక్కొక్కరికీ రంగురంగుల అంటుడు కాగితాలిచ్చి, మనసులో మాట రాసి గోడకి అంటించమన్నారు. కనకదుర్గ "మఫిన్ చప్పగా ఉంది" అని తెలుగులో రాసి అంటించింది. దాన్ని ఫోటో తీసి, నిజాయితీ అని మెచ్చుకున్నారు.

"చదువుకున్నవాళ్ళు గోడకి కాగితాలంటించుకుంటారే" అని ఇంటికొచ్చి దేదీప్యతో అంది. "మా స్టోరులో బఠాణీల ధర కూడా ఇంతకంటే తొందరగా తేల్చేవాళ్ళం."

ఆ మీటింగుల్లో ఇంకో తెలుగాయన ఉండేవాడు, రాజారావు. టెలిఫోన్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకీ స్ట్రోకే, ఆయనకీ దొప్పే. కానీ ఆయన మీటింగుకి కోటు తొడుక్కుని వచ్చేవాడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుని, "యాజ్ ఎ స్టేక్‌హోల్డర్" అని మొదలుపెట్టేవాడు. ఆ తరవాత చెప్పేదేమీ ఉండేది కాదు, కానీ చాలాసేపు చెప్పేవాడు. డాక్టర్ కాలిన్స్ తలూపేది. ఆయన మఫిన్ రుమాల్లో చుట్టి జేబులో వేసుకునేవాడు.

జూన్ మీటింగుకి రాజారావు కుడిచేతి మణికట్టుకి కట్టుతో వచ్చాడు. ఆరోజు కనకదుర్గని దింపడానికి దేదీప్య ఆఫీసుకి సెలవు పెట్టింది; కారు పార్క్ చేసి వచ్చేలోగా కనకదుర్గ ఆయన పక్కన చేరిపోయింది.

"ఏమైంది అన్నయ్యగారూ?"

"ఏం లేదమ్మా. ఐస్ మీద స్లిప్ అయ్యాను."

"జూన్ నెల్లోనా?"

"స్కేటింగ్ రింక్‌లో అమ్మా. మా మనవడు విహాన్‌ని క్లాస్‌కి తీసుకెళ్ళాను."

"దొప్పేసుకుని మీరు ఐసు మీదికెందుకు దిగారు?"

"దిగలేదు, అంచున నిలబడ్డా."

"ఏ రోజు?"

"శనివారం."

"శనివారం పొద్దున మీరు సత్యనారాయణ వ్రతం చేసుకున్నారుగా. వదినగారు ప్రసాదం పంపారు. జీడిపప్పు తక్కువేశారు."

రాజారావు కోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు.

"మెల్లగా మాట్లాడమ్మా" అన్నాడు. "పీటల మీంచి లేస్తూ తూలాను. వట్టి కాళ్ళు కదా. వ్రతంలో బూట్లేసుకుని కూర్చుంటామా? ఇక్కడ చెప్పకు. నేను ఫామ్‌లో ఫోర్టీన్ అవర్స్ రాశాను."

"మీరూ పద్నాలుగేనా?"

"మనవాళ్ళందరం అంతే రాస్తాం. తక్కువ రాస్తే బాగుండదు కదా."

మామూలుగా అయితే ఇలాంటి సంగతి దొరికితే కనకదుర్గకి వారం రోజులు కడుపు నిండేది. ఈసారి నవ్వు రాలేదు. మోచేతి మీద పసుపు మరక గుర్తొచ్చి పైటకొంగు లాక్కుంది.

మీటింగు మొదలయింది. దేదీప్య వెనక వరసలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. డాక్టర్ కాలిన్స్ తెర మీద నిలువు గీతలు చూపించింది. ఉమ పక్కన కూర్చుని కనకదుర్గ చెవిలో తెలుగులో చెబుతోంది. మన దేశాల నుంచి వచ్చిన పేషెంట్లు పద్నాలుగు మంది. బ్రేస్ అందరికంటే ఎక్కువ గంటలు పెట్టుకునేది వాళ్ళే. ఇంట్లో పడి ఎమర్జెన్సీకి వచ్చేవాళ్ళలోనూ ఎక్కువమంది వాళ్ళే.

"ఎందుకని అడుగుతున్నది మేడమ్" అంది ఉమ.

రాజారావు గొంతు సవరించుకున్నాడు. యాజ్ ఎ స్టేక్‌హోల్డర్, తమవాళ్ళు క్రమశిక్షణ గలవాళ్ళనీ, బ్రేస్ విషయంలో నూటికి నూరుపాళ్ళు చెప్పినట్టు వింటారనీ, లోపం బ్రేస్‌దే అయివుంటుందనీ చెప్పాడు. విరిగిన చెయ్యి బల్ల కింద పెట్టుకుని మరీ చెప్పాడు.

డాక్టర్ కాలిన్స్ మెత్తగా తలూపి, ఇంకో బొమ్మ పెట్టింది. సోఫాలో కూర్చున్న ఒక మనిషి బొమ్మ. ఉమ చెవిలో చెప్పడం ఆపేసింది.

"ఏమంటోంది?" అంది కనకదుర్గ.

"ఏం లేదాంటీ. మనోళ్ళు... ఇంట్ల ఎక్కువ కదలరు కావచ్చు, ఎక్సర్‌సైజ్ మీద ఇంట్రెస్ట్ తక్కువేమో అంటున్నది. కండ బలం లేక పడుతున్రని. అందుకని ఇంట్రెస్ట్ పెంచే క్లాస్ ఒకటి పెడదామంటున్నది."

"ఒళ్ళొంచరంటోందా?"

"గట్ల కాదు గానీ..."

"గట్లే."

పదిహేడేళ్ళు రోజుకి పది గంటలు నిలబడిన కాళ్ళవి. కనకదుర్గ తెర మీది సోఫా మనిషిని చూసింది. కోటు రాజారావుని చూసింది. గోడ మీద అంటుడు కాగితాలన్నీ చూసింది. వెనక వరసలో దేదీప్య తల వంచుకుని ఏదో టైప్ చేస్తోంది. ఆమె పక్క కుర్చీలో పెద్ద తోలు బ్యాగు, అయిదు నాబులకి సరిపడా ఖాళీతో, నోరు తెరుచుకుని ఉంది.

కనకదుర్గ వంగి ఎడమబూటు పట్టీ ఊడదీసింది.

"ఆంటీ, ఏం జేస్తున్రు?"

"మా ఇల్లు చూపిస్తున్నా. ఆవిడకి చెప్పు. ఇది గరాజు తలుపు." కుర్చీ కింద రెండు బూట్లూ పక్కపక్కన పెట్టింది, దొప్ప బూటులోనే ఉండిపోయింది. మేజోళ్ళు కూడా తీసేసింది. "మా ఇళ్ళల్లో బూటు ఇక్కడ ఆగిపోతుంది. మీ దొప్ప కూడా దాంతోపాటే ఇక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు నేను లోపలికెళ్తున్నా."

లేచింది. మఫిన్ల బల్ల పది అడుగుల దూరం. మొదటి అడుగు కుడికాలు. రెండో అడుగుకి ఎడమపాదం వేలాడింది, వేళ్ళు కార్పెట్టు మీద రాసుకున్నాయి. ఎవరో లేవబోతే చేత్తో ఆపింది. నాలుగో అడుగుకి బొటనవేలు కార్పెట్టు అంచుకి తగిలి, మనిషి మొత్తం ముందుకి తూలి బల్లని రెండు చేతులా పట్టుకుంది. పళ్ళెం ఎగిరింది. మఫిన్లు దొర్లుకుంటూ డాక్టర్ కాలిన్స్ బూట్ల దాకా పోయాయి.

"పద్నాలుగు గంటలు అబద్ధం" అంది కనకదుర్గ బల్ల వదలకుండా. "గంట కూడా ఉండదు. నేను మూడుసార్లు పడ్డా. ఈయన వ్రతంలో పడ్డాడు. మిగతావాళ్ళని అడగండి, వాళ్ళూ మర్యాదకే చెప్పి ఉంటారు. మమ్మల్ని వరండాలో బూట్లతో నడిపించి మార్కులేసుకున్నారు. ఇంటికెళ్ళి బూట్లు ఎక్కడ విప్పుతారమ్మా అని ఒక్కరు అడిగారా? నీలం బొమ్మా ఆకుపచ్చ బొమ్మా అని మటుకు గంటసేపు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పు ఉమా, తియ్యగా చెయ్యకు."

ఉమ ఉన్నదున్నట్టే చెప్పింది. చెబుతూ చెబుతూ తన కాళ్ళ వైపు చూసుకుంది. ఆమె ఇంట్లోనూ చెప్పులు గడప దగ్గరే. ఏడాదిగా ప్రతి గురువారం ఫోన్ చేసి అడిగిన మనిషికి ఆ సంగతి తట్టనేలేదు.

తరవాత డాక్టర్ కాలిన్స్ గుండె మీద చెయ్యేసుకుని, ఇది చాలా శక్తిమంతమైన క్షణం అంది. ఒక పసుపు కాగితం తీసుకుని "బూట్లు?" అని రాసి గోడకి అంటించింది. కనకదుర్గ ఆ కాగితాన్ని చూసి తన కుర్చీకి తిరిగొచ్చి, బూట్లు తొడుక్కుంది. రాజారావు ఇటు చూడలేదు. దేదీప్య ఒక్కతే చూస్తోంది, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని.

కారు ఇంటిదారి పట్టింది. గోల్ఫ్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగాక దేదీప్య అడిగింది.

"మూడుసార్లా?"

"మూడే."

"తలుపు కొట్టుకుందన్నారు."

"తలుపు దగ్గరే పడ్డాలే."

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టేదాకా దేదీప్య కదలలేదు.

ఇంటికి రాగానే ఆమె వంటింట్లోకి వెళ్ళి నాబులు అయిదూ ఒకటొకటిగా పీకి బ్యాగులో వేసుకుంది. బడి నుంచి వచ్చి నిలబడి చూస్తున్న సాన్వి, "మమ్మీ, స్టవ్‌కి కళ్ళు పోయాయ్" అంది. నాబులు లేని స్టవ్వు నిజంగానే కళ్ళు పీకిన మొహంలా ఉంది. కనకదుర్గ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. చెప్పిన రూలే. అబద్ధం కాపాడినన్నాళ్ళు స్టవ్వు ఉంది, నిజం చెప్పింది, పోయింది. రఘువీర్ సాయంత్రం వచ్చి, "అమ్మా, పోన్లే, మైక్రోవేవ్ ఉందిగా" అన్నాడు. ఆ మాటకి ఆమె చూసిన చూపుకి అతను లాప్‌టాప్ తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు కిటికీలోంచి ఎదురింటి చెత్తడబ్బా చూసింది. నాలుగోరోజు గురువారం, ఉమ ఫోన్ చేసింది.

"ఆంటీ, మేడమ్ ఒక వర్కింగ్ గ్రూప్ పెడుతున్నది, బూట్ల మీద. సెప్టెంబర్‌ల ఫస్ట్ మీటింగ్."

"సెప్టెంబరుదాకా నేను గాల్లో నడుస్తానా? ఆ దొప్ప ఇంకో బూటులో పడుతుందా చెప్పు. ఎన్నడూ వీధి తొక్కని బూటు. ఇంట్లోనే ఉండే బూటు."

"పడ్తదాంటీ. అదే సైజ్ తీస్కోండ్రి, వెల్క్రోది. డోర్ కాడ కుర్చీ ఏస్కొని, కూసొని మార్చుకోవాలె. అంతే."

"అంతే" అంది కనకదుర్గ. "ఏడాది గీతలు గీశారు. అంతే."

శనివారం దేదీప్యే తీసుకెళ్ళి కొనిపెట్టింది. తెల్లటివి, అట్టపెట్టె లోంచి తీసి నేరుగా గరాజు తలుపు లోపలివైపు పెట్టారు, పక్కన ఒక ఎత్తు కుర్చీ. ఇక మిగిలింది వంటింటి అలమర. బూట్లు కొత్తవే, వీధి మట్టి అంటనివే, అయినా దేవుళ్ళ ఎదుట బూట్లేనా అని దేదీప్య కూడా సందేహించింది.

"మరి దేవుళ్ళ సంగతేంటి అత్తయ్యా?"

"దేవుడి కాళ్ళు బాగానే ఉన్నాయిగా, ఆయన్నే జరగమను" అంది కనకదుర్గ.

దేవుళ్ళు హాల్లో ఈశాన్యం మూలకి జరిగారు. బ్రహ్మయ్య ఫోటో మటుకు స్టవ్వు పక్కనే ఉంది. ఆయన బతికున్నన్నాళ్ళూ చెప్పులతో వంటింట్లోకి వచ్చి తిట్లు తిన్నవాడే. కనకదుర్గ కుర్చీలో కూర్చుని, దొప్పని ఒక బూటు లోంచి ఇంకో బూటులోకి మార్చుకుని, గోడ పట్టుకోకుండా స్టవ్వు దాకా నడిచి, అయిదు కన్నాలు చూసుకుని వెనక్కి వచ్చింది. రోజుకి పదిసార్లు. దేదీప్య డైనింగ్ టేబుల్ దగ్గర మీటింగుల్లో ఉంటూనే ఓరకంట చూసేది.

రెండోవారం ఒక నాబు తిరిగొచ్చింది, వెనకవైపు ఎడమ పొయ్యిది. చిన్న పొయ్యి. "దీని మీద ఏం కాస్తారు, బొట్టు కాటుకా" అని కనకదుర్గ దాని మీదే చారు పెట్టింది. మూడు గంటలు పట్టింది.

సెప్టెంబరు మీటింగులో కొత్త ఫారాలు పంచారు. "మీ ఇంట్లో బూట్లు ఎక్కడ విప్పుతారు?" అన్నది మొదటి ప్రశ్న. ఈ ప్రశ్న ఎలా పుట్టిందో రాజారావు లేచి వివరించాడు. యాజ్ ఎ స్టేక్‌హోల్డర్, తమ సంస్కృతి గురించి తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. కట్టు విప్పిన చెయ్యి ఈసారి బల్ల మీదే ఉంది. కనకదుర్గ ఆయన మాట మధ్యలోనే లేచి వెళ్ళి, రెండు మఫిన్లు తీసుకుని ఆయన కోటు జేబులో తానే వేసింది.

ఆ గురువారం ఉమ ఫోన్ చేసి ఎన్ని గంటలని అడిగితే, "నిన్న తొమ్మిది. మొన్న ఆరు, బద్ధకించా. అదే రాయి" అంది.

మాట్లాడుతుండగానే దేదీప్య ఆఫీసుకి బయల్దేరుతూ వచ్చి, బ్యాగు జిప్పు తీసి, ముందువైపు పెద్ద పొయ్యి నాబు గట్టు మీద పెట్టింది. కారు బయటికి వెళ్ళిన చప్పుడయ్యాక కనకదుర్గ ఫోను పెట్టేసి నాబు చేతిలోకి తీసుకుంది. మూడు నెలలు ఆ బ్యాగులో పడుండి హ్యాండ్ క్రీమ్ వాసన కొడుతోంది. ఒక వంకన లిప్‌స్టిక్ మరక.

"పొయ్యి మొహానికి సోకొకటి" అని గొణిగి, సబ్బు పెట్టి రెండుసార్లు తోమి, తుడిచి, స్టవ్వుకి తగిలించి తిప్పింది. ఇంకా మూడు రావాలి.